పెరట్లో ఆకుపచ్చ పాము: గ్రీన్ మాంబానా, బూమ్‌స్లాంగా? (డర్బన్ నుంచి, అర్జెంటు)

ఉమ్లాంగా_రాఘవ
మేముండేది దక్షిణాఫ్రికాలో డర్బన్‌కి ఉత్తరాన, సముద్రానికి రెండు కిలోమీటర్ల లోపల. ఇంటి వెనక పెద్ద చెట్టు ఉంది, దాని కొమ్మల చివర్న గిజిగాళ్ళు గూళ్ళు కడుతున్నాయి. మనకి దసరా రోజులు, ఇక్కడ వసంతం. శనివారం పొద్దున పదింటప్పుడు పిట్టలు ఒకటే గోల పెడుతుంటే వెళ్ళి చూశాను. గూళ్ళకి రెండడుగుల పైన, కొమ్మ వెంట పడుకుని ఆకుపచ్చ పాము. మొదట అదీ కొమ్మే అనుకున్నాను. గాలికి కొమ్మ ఊగితే అదీ ఊగుతోంది, గాలి ఆగితే అదీ ఆగుతోంది. ఒకటిన్నర మీటరు ఉండొచ్చు.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను చూసి "గ్రీన్ మాంబా" అని నాలుగడుగులు వెనక్కి వేశాడు. కాంప్లెక్స్ మేనేజరు మనిషిని పంపి కొట్టించేస్తానంటున్నాడు. మా పాపకి ఆరేళ్ళు, రోజూ ఆ చెట్టు కిందే ఆట. రెండు రోజులుగా మా ఆవిడ పెరటి తలుపు తియ్యనివ్వడం లేదు. నాకు చంపించాలని లేదు, అలాగని పిల్ల విషయంలో రిస్కు తీసుకోలేను. ఇది నిజంగా మాంబాయేనా? ఎలా తెలుస్తుంది? ఫోటో పెట్టాను, జూమ్ చేసి తీసింది, కాస్త మసగ్గా ఉంది.

దార్_శీను
మాంబాయే తమ్ముడూ, డౌటు లేదు. కెన్యా నుంచి మా టాంజానియా, మొజాంబిక్ మీదుగా మీ దాకా ఈ తీరం పొడుగునా ఉంటాయి. ఆకుపచ్చ రంగు, చెట్టు మీద కాపురం, పక్కనే సముద్రం. ఇంకేం కావాలి? పిల్లని బయటికి పంపకండి.

పెరటి_వనజ
శీను గారూ, అంత తొందరెందుకండి? నేను పైన్‌టౌన్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. "మాంబా, మాంబా" అని అరిచి పిలిచిన ప్రతిసారీ తేలింది స్పాటెడ్ బుష్ స్నేక్. విషమే లేదు దానికి. బల్లుల కోసం ఇంట్లోకి వస్తుంది, ఇటుక గోడ కూడా ఎక్కేస్తుంది. మా వంటింటి కర్టెన్ రాడ్ మీద ఒక మధ్యాహ్నమంతా కూర్చుంది. ఇదీ అదే అయ్యుంటుంది.

కొల్లేటి_రైతు
ఏదైతేనేం? పిల్ల తిరిగే చోట పాముంటే కొట్టెయ్యడమే. దాని పేరు తర్వాత కనుక్కోవచ్చు.

జువాలజీ_మాస్టారు
మలావీలో పదకొండేళ్ళు పాఠాలు చెప్పి రాజమండ్రిలో రిటైరయినవాణ్ణి. రాఘవా, ముందు కర్రని పక్కన పెట్టించు. కొట్టబోయినప్పుడో పట్టుకోబోయినప్పుడో పడిన పాముకాట్లు చాలా ఉన్నాయి. చెట్టు మీద తన పాటికి తనున్న పాము నీ పిల్ల మీదకి దూకదు.

రంగు చూసి పాముని గుర్తుపట్టడం అంటే చీర రంగు చూసి మనిషిని గుర్తుపట్టడమే. మీ ప్రాంతంలో ఆకుపచ్చగా కనిపించేవి ప్రధానంగా మూడు రకాలు. వనజ గారు చెప్పిన బుష్ స్నేకూ, దాని చుట్టం నాటాల్ గ్రీన్ స్నేకూ ఒక జట్టు: వేలంత సన్నం, సాధారణంగా మీటరు లోపు, కంటికి బంగారు రంగు వలయం, బుష్ స్నేక్ అయితే మెడ నుంచి నడుము దాకా నల్లటి మచ్చలు. రెండోది గ్రీన్ మాంబా: తల పొడుగ్గా, శవపేటిక ఆకారంలో, కన్ను తలకి తగ్గట్టు చిన్నది, పొలుసులు నున్నగా రంగు వేసినట్టు మెరుస్తాయి. మూడోది బూమ్‌స్లాంగ్: తల పొట్టిగా, మొద్దుగా, కోడిగుడ్డులా ఉంటుంది. కన్ను మాత్రం ఆ తలకి మరీ పెద్దది. ఒంటి మీద ప్రతి పొలుసుకీ నడుమ సన్నటి గట్టు ఉంటుంది, అందుకని మెరవదు, గరుగ్గా కనిపిస్తుంది.

బైనాక్యులర్స్ ఉంటే ఆరేడు మీటర్ల దూరం నుంచి కన్ను చూసి చెప్పు. మిగతాదంతా తర్వాత.

ఉమ్లాంగా_రాఘవ
మాస్టారూ, పక్కింటివాళ్ళ బైనాక్యులర్స్ తెచ్చి ఇప్పుడే చూశాను, ఇంకా అక్కడే ఉంది. కన్ను చాలా పెద్దది! ముందు అదే కనిపించింది. నల్లగుడ్డు పూర్తి గుండ్రం కాదు, ముక్కు వైపు కాస్త సాగి ఉంది. మచ్చల్లేవు. ఒళ్ళు మెరుస్తున్నట్టు లేదు, పచ్చి చిక్కుడాకు రంగు. నేను చూస్తున్నంతసేపూ తల ఇటే తిప్పి ఉంచింది.

జువాలజీ_మాస్టారు
అయితే బూమ్‌స్లాంగ్. శాస్త్రీయ నామం డిస్ఫోలిడస్ టైపస్. ఆఫ్రికాన్స్ భాషలో "బూమ్" అంటే చెట్టు, "స్లాంగ్" అంటే పాము. మనం చెట్టుపాము అన్నట్టే, మరేం ప్రత్యేకత లేదు పేరులో. ఆ నల్లగుడ్డు ముందుకి సాగి ఉండటమే దాని బలం. రెండు కళ్ళతో ఎదర ఉన్నదాన్ని ఒకేసారి చూసి దూరం అంచనా కట్టగలదు. కదలకుండా ఉన్న ఊసరవెల్లిని ఆకుల్లో పట్టాలంటే అలాంటి చూపు కావాలి మరి. పగటి పూటే వేట. రాత్రి దాని జాడ ఉండదు.

దార్_శీను
మాంబా కాదంటే సంతోషమే, ఒప్పుకుంటున్నాను. ఈ మాట మీద మా ఇంట్లో జరిగింది చెప్పాలి. నేను దారెస్సలాం వచ్చిన కొత్తలో మామిడిచెట్టు మీద పచ్చపాము చూసి వాచ్‌మన్‌తో "మాంబా, మాంబా! చెట్టు మీద!" అని అరిచాను. అతను నన్నూ చెట్టునీ మార్చి మార్చి చూశాడు. స్వాహిలీలో "మాంబా" అంటే మొసలి! మామిడిచెట్టెక్కిన మొసలి కోసం ఆ సాయంత్రం వీధి వీధంతా వచ్చింది.

పెరటి_వనజ
హహ్హా, మొసలి కాయలు కోస్తోందనుకున్నారేమో! ఆ పాముల పేరు జులూ భాష నుంచి వచ్చిందంటారు, ఇక్కడ ఇమాంబా అంటారు.

రాఘవ గారూ, కన్ను అలా ఉంటే నా మాట వెనక్కి తీసుకుంటాను. బుష్ స్నేక్ కాదు.

విజయనగరం_చిన్ని
మా నాయనమ్మ పసిరిక పాము గురించి ఇలాగే భయపెట్టేది. చెట్టు మీంచి కళ్ళు పొడుస్తుంది, తలెత్తి చూడకే అని. పొగాకు తోటకి వెళ్తే నెత్తి మీద తుండు కప్పేది. ఈ ఆఫ్రికా పాము మన పసిరికకి చుట్టమా?

జువాలజీ_మాస్టారు
దూరపు చుట్టం చిన్నీ. రెండూ ఒకే పెద్ద కుటుంబంలోవి. రెండింటికీ కోరలు నోటి వెనక భాగంలో ఉంటాయి, రెండూ చెట్ల మీద ఆకుల్లో కలిసిపోయి బతుకుతాయి. మన పసిరికకి ముక్కు మొన తేలి ఉంటుంది, కన్ను అడ్డంగా గీత గీసినట్టుంటుంది. దాని విషం బల్లులకీ కప్పలకీ సరిపోతుంది గానీ మనిషికి ప్రాణాపాయం కాదు. కళ్ళు పొడవడమన్నది ఆ ముక్కు చూసి పుట్టిన భయం. బూమ్‌స్లాంగ్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది.

నువ్వు విజయనగరం అన్నావు కాబట్టి ఇదీ చెప్తాను. 18వ శతాబ్దం చివర పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా విశాఖపట్నంలో ఉండి మన తీరం పాముల్ని సేకరించి, ఊరివాళ్ళు పిలిచే పేర్లతోనే బొమ్మలు వేయించి 1796లో అచ్చు వేశాడు. అందులో "పసిరిక పాము" ఆ తెలుగు పేరుతోనే ఉంది. రక్తపింజరకి ఇంగ్లీషులో ఉన్న పేరు ఆయనదే.

నెల్లూరు_నవీన్
కోరలు వెనక ఉంటే భయమేముంది? వేలు నోట్లో పెట్టి నమలనిస్తే తప్ప విషం ఎక్కదని ఒక వీడియోలో చూశాను. వెనక కోరల పాములన్నీ అంతేనట.

జువాలజీ_మాస్టారు
నవీన్, నువ్వు విన్నది అలాంటి పాముల్లో చాలావాటికి నిజమే. ఆ మాటే కొందరి ప్రాణం తీసింది కూడా. బూమ్‌స్లాంగ్ కోరలు మరీ గొంతులో ఉండవు, సుమారు కంటికి తిన్నగా కింద ఉంటాయి. నోరు 170 డిగ్రీల దాకా తెరుస్తుంది, అంటే దాదాపు తలుపు గోడకి ఆనినంత. అంత నోరు తెరిచాక చెయ్యయినా కాలయినా దొరుకుతుంది.

కార్ల్ పాటర్సన్ ష్మిట్ సంగతి వినాలి నువ్వు. అమెరికాలో పాముల శాస్త్రానికి పెద్ద దిక్కు, షికాగో ఫీల్డ్ మ్యూజియంలో ముప్పై ఏళ్ళకి పైగా పనిచేసినవాడు. 1957 సెప్టెంబరు 25న ఆ ఊరి లింకన్ పార్క్ జూ నుంచి ఒక పిల్ల పాముని, ఇదేమిటో చెప్పమని పంపారు. ముప్పావు మీటరు ఉంటుంది. బూమ్‌స్లాంగ్‌లాగే ఉంది గానీ మలద్వారం దగ్గరి పొలుసు రెండుగా చీలి ఉండాల్సింది ఒకటే ఉంది. ఆయన సందేహం అక్కడ. చేతిలోకి తీసుకున్నాడు, తలకి కాస్త వెనగ్గా పట్టుకున్నాడు. అది తిరిగి ఎడమ బొటనవేలి మీద కరిచింది. దిగింది ఒక్క కోర, అదీ 3 మిల్లీమీటర్ల లోతు.

ఆయన ఆసుపత్రికి వెళ్ళలేదు. లోకల్ రైల్లో ఇంటికి వెళ్తూ ఒంట్లో ఏమవుతోందో రాసుకోవడం మొదలుపెట్టాడు. వికారం, చలి, జ్వరం, చిగుళ్ళ నుంచి రక్తం. రాత్రి మూత్రంలో రక్తం. మర్నాడు పొద్దున్న తేలిగ్గా అనిపించింది, గుడ్డూ టోస్టూ తిని కాఫీ తాగాడు. రేపు పనిలోకి వస్తానని మ్యూజియంకి ఫోన్ కూడా చేశాడు. ఆ మధ్యాహ్నమే పోయాడు. 67 ఏళ్ళు. లోపల ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో, మెదడులో రక్తస్రావం.

అంతటివాడే చిన్న గాటు కదా అనుకున్నాడు. నాకు ఆ పొద్దుటి కాఫీ దగ్గరే మనసు ఆగిపోతుంది. బాగయిపోయిందనుకున్నాడు పాపం.

విజయనగరం_చిన్ని
చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి మాస్టారూ.

కొల్లేటి_రైతు
చూశారా? నేనన్నదే ఇది. ఇంత విషం ఉన్నదాన్ని పెరట్లో పెట్టుకుని బైనాక్యులర్స్‌తో చూడటమేమిటండీ!

నర్సమ్మ_లక్ష్మి
రైతు గారి భయం నాకు అర్థమవుతుంది. దక్షిణాఫ్రికాలోనే ఒక ఊళ్ళో ఎమర్జెన్సీ వార్డులో ఆరేళ్ళు చేశాను. అన్నేళ్ళలో బూమ్‌స్లాంగ్ కాటు చూసింది ఒక్కటే, దాన్ని మాత్రం మర్చిపోలేను.

తోటపని చేసే అతను, ముప్పై ఏళ్ళుంటాయి. కంచె కత్తిరిస్తుంటే పాము కింద పడింది, చెట్టు మీద వేద్దామని మంచికే చేత్తో ఎత్తాడు. మణికట్టు దగ్గర కరిచింది. దగ్గర్లో ఒక క్లినిక్‌కి వెళ్తే వాపు లేదు, నొప్పి లేదు, ఇంటికి పో అన్నారట. మర్నాడు సాయంత్రం మా దగ్గరికి వచ్చాడు. వారం కిందట గడ్డం గీసుకున్నప్పుడు తెగిన చోటు, మానిపోయినదే, మళ్ళీ రక్తం ఊరుతోంది. తుడిస్తే మళ్ళీ ఊరుతోంది. పలకరిస్తే నవ్వాడు, పళ్ళ సందుల్లో ఎర్రగా ఉంది.

డాక్టరుగారు శుభ్రమైన గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి బల్ల మీద కదపకుండా నిలబెట్టమన్నారు. ఇరవై నిమిషాల తర్వాత వంచి చూస్తే నీళ్ళలాగే జారింది. గడ్డకట్టలేదు. మన ఊళ్ళల్లో రక్తపింజర కాటుకి చేసే పరీక్షే ఇది. ఈ విషం రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలని ఒక్కసారిగా పనిలో పెట్టేస్తుంది, ఒళ్ళంతా కనపడనంత చిన్న గడ్డలు కట్టి అవి కాస్తా ఖర్చయిపోతాయి. పండగకి దాచిన డబ్బు ముందు రోజే చిల్లర ఖర్చులకి అయిపోయినట్టు. ఆ తర్వాత ఎక్కడ చిన్న గాయం ఉన్నా మూసుకునే దారి ఉండదు.

దీనికి విడిగా ఒక విరుగుడు మందు ఉంది, జొహానెస్‌బర్గ్‌లో తయారవుతుంది. మాంబాలకీ నాగులకీ వాడే మామూలు ఇంజెక్షన్ దీనికి పనిచెయ్యదు. మన ఇండియా మందు అసలే పనికిరాదు, అది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికే. అసలైన మందు తెప్పించి ఎక్కించాక రెండో రోజుకి రక్తం గడ్డకట్టింది. ఆలస్యమైనా ఇస్తే పనిచేస్తుంది, అదొక్కటే అదృష్టం. అతను నడిచి ఇంటికి వెళ్ళాడు.

రాఘవ గారూ, ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మాంబా కరిస్తే గంటల్లో ఊపిరి మీదకి వస్తుంది, ఎవరైనా పరిగెత్తుతారు. ఇది కరిస్తే చాలాసేపు ఏమీ ఉండదు. బాగున్నాను అనిపించినా సరే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. బూమ్‌స్లాంగ్ అన్న పేరు డాక్టరుకి చెప్పాలి. కట్లు బిగించడం, కొయ్యడం, నోటితో పీల్చడం వద్దు.

నెల్లూరు_నవీన్
లక్ష్మక్కా, థ్యాంక్స్. ఆ వీడియో కింద ఇప్పుడే మీరు చెప్పిందంతా కామెంటు పెట్టొచ్చాను.

కాపర్‌బెల్ట్_గోపి
జాంబియా, కిట్వే. గనిలో సర్వేయర్‌ని. కాటు గురించే మాట్లాడుతున్నాం, అది బతికే తీరు కూడా చూడాలి. పోయినేడు మా క్వార్టర్స్ పక్క జామచెట్టు మీద గంటన్నర చూశాను, టిఫిన్ కూడా మానేసి.

ఊసరవెల్లి ఒకటి రెమ్మ మీద నడుస్తోంది, మీకు తెలుసుగా దాని నడక, ఒక అడుగు ముందుకి వేసి సగం వెనక్కి. పాము తల ఎత్తి ఆగింది. నేను కళ్ళు నలుపుకుని మళ్ళీ చూసేంతలో నడుము మీద పట్టుకుంది. తర్వాత అసలు తొందరే లేదు. విదిలించలేదు, చుట్టుకోలేదు. నోట్లో పట్టుకుని దవడలు కొద్దికొద్దిగా నొక్కుతూ ఉండిపోయింది. ఊసరవెల్లి రంగు మారింది, ముందు నల్లబడింది, తర్వాత ఒక పక్కంతా పాలిపోయింది. కాళ్ళు రెమ్మని వదిలేదాకా పావుగంట పట్టింది. అప్పుడు తల వైపు నుంచి మింగడం మొదలుపెట్టింది.

ఇంతలో మా కుక్క మొరిగింది. పాము మెడ ఒక్కసారి బుడగలా ఉబ్బింది. పొలుసులు విడిపోయి వాటి మధ్య చర్మం కనిపించింది. పాము అదేనా అనిపించింది. కుక్కని లోపల కట్టేశాక ఉబ్బు దిగిపోయి మళ్ళీ తిండి మీద పడింది.

జువాలజీ_మాస్టారు
గోపీ, భేషుగ్గా చూశావు. ఆ మెడ ఉబ్బించడం "నన్ను వదిలెయ్" అని చెప్పడం. ముందు పారిపోవాలని చూస్తుంది, దారి లేకపోతే మెడ ఉబ్బిస్తుంది, అప్పటికీ దగ్గరికి వస్తేనే కరుస్తుంది. కరిచినవాళ్ళ కథలు తిరగేస్తే చాలావాటిలో ఎవరో ఒకరు చేత్తో పట్టుకుని ఉంటారు. ష్మిట్ పట్టుకున్నాడు, లక్ష్మి గారి తోటమాలి పట్టుకున్నాడు. జర్మనీలో రాబర్ట్ మెర్టెన్స్ అని ఇంకో మహానుభావుడు, ఆయన 1975లో పోయింది దీని దగ్గరి బంధువు ట్విగ్ స్నేక్ కాటుకి. అది ఆయన పెంచుకుంటున్న పాము. పద్దెనిమిది రోజులు మంచంలో ఉండి పోయాడు. దానికి విరుగుడు మందే లేదు.

టోంగాట్_నాయుడు
మా ముత్తాత విశాఖ వైపు నుంచి చెరుకు తోటల పనికి నాటాల్ వచ్చాడు. నాకు తెలుగు ఆదివారం బడిలో వచ్చిందే, తప్పులుంటే క్షమించండి. మా తాత చెప్పేవాడు, చెరుకు కోసేటప్పుడు భయం నల్ల మాంబాకీ నాగులకీ. పచ్చపాము కనిపిస్తే పిల్లల్ని పక్కకి జరిపి దాన్ని పోనిచ్చేవారట. మా ఇంట్లో ఇప్పటికీ అదే పద్ధతి. నాకు 61 ఏళ్ళు, మా ఇంట్లో ఒక్కరినీ చెట్టుపాము కరవలేదు.

ఉమ్లాంగా_రాఘవ
నాయుడు గారూ, మీ తెలుగు మా పాప తెలుగు కన్నా బాగుంది. దానికి చదివి వినిపిస్తాను.

కొత్త టెన్షన్ వచ్చింది. ఈ రోజు అదే చెట్టు మీద ఇంకో పాము. ఇది గోధుమ రంగు, మట్టి రంగు అనొచ్చు, పచ్చదానికన్నా కాస్త లావు. రెండూ ఒకే కొమ్మ మీద, అడుగు ఎడంలో. కొట్టుకోవడం లేదు. పచ్చది దీని వెనకే తిరుగుతోంది. ఇదేమన్నా నాగుపామా? మేనేజరుకి ఇంకా చెప్పలేదు.

దార్_శీను
ఈసారి నేను తొందరపడను. మాస్టారు చెప్పాలి.

పెరటి_వనజ
నాగులు చెట్టెక్కుతాయి కదా, గూళ్ళలో పిల్లల కోసం? కలహారి ఎడారి వైపు గిజిగాళ్ళ పెద్ద పెద్ద గూళ్ళలోకి కేప్ కోబ్రా దూరుతుందని చూశాను.

జువాలజీ_మాస్టారు
చూసింది నిజమే వనజమ్మా, ఆ గూళ్ళలోకి బూమ్‌స్లాంగ్ కూడా దూరుతుంది. రాఘవా, మళ్ళీ కన్ను చూడు. పెద్దదేనా?

ఉమ్లాంగా_రాఘవ
అచ్చం అదే కన్ను మాస్టారూ. తల కూడా అదే పొట్టి తల.

జువాలజీ_మాస్టారు
అయితే భయం లేదు, అది ఆడది. మగవి ఎక్కువగా ఆకుపచ్చ, ఆడవి ఎక్కువగా గోధుమ రంగు. ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉంటుంది గానీ మీ వైపు చాలావరకు ఇంతే. పాముల్లో ఆడామగా రంగు ఇంత తేడాగా ఉండటం అరుదు. రెండు వేరే పాములనుకుని ఒకదాన్ని వదిలి ఒకదాన్ని కొట్టేవాళ్ళని మలావీలో చూశాను. మనం చూస్తున్నది పెళ్ళిచూపులు. వసంతం కదా, జత కోసం వచ్చాయి. కొన్ని రోజులుండి వాటి దారిన అవి పోతాయి.

విజయనగరం_చిన్ని
అయ్యో, ఆ మేనేజరు పెళ్ళిపందిట్లోకి కర్ర పట్టుకుని వస్తున్నాడన్నమాట! రాఘవ గారూ, ఆపండి.

కొల్లేటి_రైతు
పెళ్ళయితే పిల్లలు పుడతాయి. పది పాములవుతాయి అప్పుడు. నా మాట ఎవరూ వినడం లేదు గానీ, మా అన్న కొడుకు కట్లపాము కాటుకి పోయాడు. పొద్దున లేస్తాడనుకున్నాం. అందుకే నాకు పాము అంటే పాములాగే కనిపిస్తుంది.

నర్సమ్మ_లక్ష్మి
అన్నయ్యగారూ, ఆ బాధ నాకు తెలుసు. కట్లపాము రాత్రి ఇంట్లోకి వచ్చి పక్క మీద నిద్రపోతున్నవాణ్ణి కరుస్తుంది. ఇది ఎక్కువగా చెట్ల మీదే ఉంటుంది, మనిషి వైపు రాదు. రెండింటికీ ఒకే శిక్ష వెయ్యలేం. రాఘవ గారు పిల్లని ఆ చెట్టు కిందకి పంపకుండా, పాములు పట్టే వాలంటీర్‌ని పిలిస్తే సరిపోతుంది.

కొల్లేటి_రైతు
సరేనమ్మా. పిల్ల మాత్రం జాగ్రత్త. నాకు అది చాలు.

ఉమ్లాంగా_రాఘవ
రైతు గారూ, మీరు చెప్పింది మనసులో పెట్టుకున్నాను. పాపని చెట్టు వైపు పంపడం లేదు.

నిన్న ఇక్కడి పాములు పట్టే వాలంటీర్ ఒకావిడ వచ్చింది. చూసీ చూడగానే "బూమ్‌స్లాంగ్ జంట" అంది. మాస్టారూ, మీరు రాజమండ్రి నుంచి చెప్పిందే! పట్టుకుపోవడం అక్కర్లేదు, పట్టబోతేనే ప్రమాదం, మళ్ళీ ఇంకోటి వస్తుంది, ఇక్కడ వాటికి తిండి ఉంది అంది. ఇంటి కప్పు మీదకి వాలిన మూడు కొమ్మలు కొట్టించమంది. అవి ఈ రోజు కొట్టించాం.

మేనేజరుతో ఆవిడే మాట్లాడింది. అతను మొదట వినలేదు, మిగతా ఇళ్ళవాళ్ళు నన్నడుగుతారు అన్నాడు. నేను లక్ష్మి గారు రాసింది ఇంగ్లీషులోకి మార్చి, ఆకుపచ్చ పాములు మూడింటి తలలూ పక్కపక్కన పెట్టి ఒక కాగితం తయారు చేసి ఇచ్చాను. అది గేటు దగ్గర అంటించాడు. మాంబా అన్న సెక్యూరిటీ అతనే ఇప్పుడు వచ్చినవాళ్ళకి కన్ను చూపించి వివరిస్తున్నాడు.

ఇంకో సంగతి. ఇక్కడ మన పిగిలిపిట్టలాంటి పిట్టే ఉంది, తోక కింద ఎరుపు బదులు పసుపు. పాము ఏ కొమ్మ మీదుంటే ఆ కొమ్మకి జానెడు దూరంలో వాలి రెక్కలు కొట్టుకుంటూ అరుస్తుంది, మిగతా పిట్టల్ని పిలుస్తుంది. గిజిగాళ్ళు కూడా చేరతాయి. రెండు రోజులు చూశాక మా పాప కనిపెట్టింది, "నాన్నా, పాము ఎక్కడుందో వాటిని అడిగితే చాలు" అని.

కాపర్‌బెల్ట్_గోపి
పాప మా గనిలో సర్వేకి పనికొస్తుంది! నేనూ ఆ రోజు పిట్టల అరుపు విని వెళ్ళే చూశాను.

పెరటి_వనజ
గిజిగాళ్ళ గూళ్ళు ఎన్ని మిగిలాయి రాఘవ గారూ? పాముల మీద జాలి ఉంది గానీ పిట్టల మీద కూడా ఉంది నాకు.

ఉమ్లాంగా_రాఘవ
పదిహేడు ఉండేవి, ఇప్పుడు పద్నాలుగు. ఒక గూట్లోకి పచ్చది పై నుంచి వేలాడి కింద ద్వారంలోంచి తల దూర్చడం మా ఆవిడే చూసింది. మగపిట్ట పక్కనే అరుస్తూ ఉండిపోయింది. మా ఆవిడకి ఆ రోజు అన్నం సహించలేదు. మర్నాడు అదే మగపిట్ట కొబ్బరాకు చీల్చి తెచ్చి పక్క రెమ్మకి కొత్త ముడి వెయ్యడం మొదలుపెట్టింది. పెరటి తలుపు ఇప్పుడు తీసే ఉంటోంది, ఆవిడే కుర్చీ వేసుకుని కూర్చుంటోంది.

విజయనగరం_చిన్ని
గుడ్లు అక్కడే పెడుతుందా?

జువాలజీ_మాస్టారు
చెట్టు తొర్రలోనో, కుళ్ళిన ఆకుల కుప్పలోనో పెడుతుంది. ఎనిమిది నుంచి పద్నాలుగు దాకా మామూలు, ఎక్కువ కూడా ఉండొచ్చు. పెట్టి వెళ్ళిపోతుంది, కాపలా ఉండదు. నవంబరు, డిసెంబరులో పెడితే రెండు మూడు నెలలకి, అంటే మీ వేసవి చివర పిల్లలొస్తాయి. జానెడున్నర పొడవు, పెన్సిలంత లావు. అవి పచ్చగా ఉండవు, ఎండుపుల్లలా బూడిద రంగు. కన్ను మాత్రం పచ్చరాయి పొదిగినట్టు మెరుస్తుంది. రాఘవా, ఆ నెలల్లో పాప పుల్లలు ఏరుకుంటే ముందు నువ్వు చూడు. పుట్టినప్పటి నుంచీ విషం ఉంటుంది. ష్మిట్‌ని కరిచింది కూడా ఇంకా ఎదగని పామే.

ఉమ్లాంగా_రాఘవ
నోట్ చేసుకున్నాను మాస్టారూ. ఆకుల కుప్పని ఇంటికి దూరంగా ప్రహరీ చివరికి మార్పించాను. పాపకి కూడా చెప్పాను, కన్నున్న పుల్లని ముట్టుకోకూడదని.

మూడు రోజుల నుంచి చెట్టు మీద ఏమీ లేదు. పిగిలిపిట్ట ఈ పొద్దున పక్కింటివాళ్ళ అవకాడో చెట్టు మీద అరుస్తోంది. బైనాక్యులర్స్ వాళ్ళవే కాబట్టి తిరిగి ఇచ్చేసి, ఎక్కడ చూడాలో చూపించి వచ్చాను. ఫిబ్రవరిలో బూడిద రంగు పిల్ల కనిపిస్తే ఫోటో ఇక్కడే పెడతాను. ఈసారి మసగ్గా రాకుండా చూసుకుంటాను.